అరిగిన బిరుదు: పోర్చుగీసు సర్వనామాల చరిత్ర

పోర్చుగీసు నేర్చుకోవడానికి కూర్చున్న తెలుగువారికి మొదటి వారంలోనే ఒక ధీమా కలుగుతుంది. ఇంగ్లీషులో చిన్నకీ పెద్దకీ ‘యూ’ ఒక్కటే. పోర్చుగీసులో ‘తు’ ఉంది, ‘వొసే’ ఉంది. మొదటిది నువ్వు, రెండోది మీరు అని నోటుబుక్కులో రాసుకుంటే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ఆ ధీమా ఎక్కువ రోజులు నిలవదు. లిస్బన్‌లో పరిచయం లేని పెద్దావిడను ‘వొసే’ అంటే ఆమె నొచ్చుకోవచ్చు. అక్కడ చాలామంది చెవికి ఆ మాట మర్యాదగా వినపడదు. సావో పావ్లోలో అదే మాటను స్నేహితులూ, భార్యాభర్తలూ, తల్లీబిడ్డలూ రోజంతా వాడుకుంటారు. బ్రెజిల్ దక్షిణపు కొసన ఉన్న రియో గ్రాందె దో సూల్‌లో స్నేహితుణ్ణి ‘తు’ అంటారు గానీ, దాని పక్కన పెట్టే క్రియ మాత్రం చాలాసార్లు ‘అతను’కు పెట్టేదే. పట్టికలో మధ్యమ పురుష బహువచనంగా కనిపించే ‘వోస్’ ఉత్తర పోర్చుగల్ పల్లెల్లో, చర్చి ప్రార్థనల్లో తప్ప దాదాపు వినపడదు. చూడ్డానికి ఇదంతా ఒక పద్ధతంటూ లేని గందరగోళంలా ఉంటుంది. కానీ ఈ చిక్కు వ్యాకరణంలో పుట్టింది కాదు. గౌరవం కోసం మనుషులు శతాబ్దాల పాటు పడిన పోటీలో పుట్టింది. ఆ పోటీ కథ తెలిస్తే పట్టికలోని ప్రతి మెలికకూ కారణం దొరుకుతుంది. తెలియకపోతే ఎంత బట్టీ పట్టినా నోరు తడబడుతూనే ఉంటుంది.

కథ మనకు తెలిసిన చోటే మొదలవుతుంది. లాటిన్‌లో ఒకరికి ‘తు’, పలువురికి ‘వోస్’. రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాల్లో చక్రవర్తిని బహువచనంలో సంబోధించే అలవాటు పుట్టి, తర్వాత ఐరోపాలోని అనేక భాషలకు పాకింది. ఫ్రెంచివారి ‘వూ’ ఆ అలవాటు బిడ్డే. మధ్యయుగపు పోర్చుగీసులోనూ అంతే: సేవకుడికి, బిడ్డకు, ఆప్తుడికి ‘తు’, రాజుకు, దొరకు, గురువుకు ‘వోస్’. మన నువ్వు, మీరు లెక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది. భాష అక్కడే ఆగిపోయి ఉంటే తెలుగువారికి పోర్చుగీసు సర్వనామాలు ఒక పూట పని. కానీ 1385లో అవీస్ వంశం గద్దెనెక్కాక కొత్త ప్రభువర్గం తయారైంది, కొలువు పెరిగింది, ఓడలు ఆఫ్రికా తీరానికి వెళ్లాయి. పదవులూ డబ్బూ పెరిగిన కొద్దీ ‘మీరు’ అనిపించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. పదిమందికీ దక్కిన మర్యాద రాజుకు ఆనదు కదా. అందుకని రాజును నేరుగా పిలవడమే మానేసి, ఆయన గుణాన్ని పిలవడం పరిపాటి అయింది. అలా స్థిరపడిందే ‘వోసా మెర్సే’. ‘వోసా’ అంటే మీ. ‘మెర్సే’ అంటే దయ, అనుగ్రహం, రాజు ఇచ్చే వరం. కాబట్టి రాజును అడగదలచినవాడు ‘మీరు ఏమంటారు’ అని అడగడు, ‘మీ దయ ఏమంటుంది’ అని అడుగుతాడు. మన జమీందారీ కచేరీల్లో ‘ఏలినవారి చిత్తం’ అన్నప్పుడు జరిగిందీ ఇదే. ఎదుటి మనిషి కళ్లలోకి చూడకుండా, ఆయన చిత్తానికో దయకో విన్నవించుకోవడం.

ఇలా పుట్టిన బిరుదుకు ఒక శాపం ఉంది. గొప్పవాడికి పెట్టిన మాటను ఆ గొప్పవాడి కిందివాడు తనకూ కోరుకుంటాడు. వాడి కిందివాడు మరి కాసేపటికి కోరుకుంటాడు. రాజుకోసం వచ్చిన ‘మీ దయ’ 15వ శతాబ్దం ముగిసేసరికి ప్రభువులకు, వాళ్ల నుంచి చిన్న హోదావాళ్లకు దిగిపోయింది. 1500 మే 1న పోర్తో సెగూరో తీరం నుంచి, పోర్చుగీసు ఓడలతో వచ్చిన పేరో వాజ్ ది కమీన్యా తాము కొత్తగా చూసిన నేల గురించి, అంటే నేటి బ్రెజిల్ గురించి, రాజు మాన్యుయేల్‌కు ఉత్తరం రాశాడు. అందులో రాజు ‘వోసా ఆల్తేజా’, అంటే ‘మీ ఔన్నత్యం’. అప్పటికే దయ చాలక ఔన్నత్యం కావలసి వచ్చిందన్నమాట. 1502 నుంచి 1536 దాకా కొలువులో నాటకాలు ఆడించిన జిల్ విసెంతి పాత్రల్లో ‘వోసా మెర్సే’ రాజులకు సంబంధించిన మాటగా ఉండదు. చిల్లర హోదాల వాళ్లు, పట్నపు జనం ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాదగా కనిపిస్తుంది. 1580లో స్పెయిన్ రాజు పోర్చుగల్‌ను కలుపుకున్నాక సింహాసనానికి ‘మీ ఘనత’ అనే అర్థమున్న ‘మజెస్తాదె’ స్థిరపడింది. ఒక్కో బిరుదు మెట్టు దిగిన కొద్దీ పైన మరో మెట్టు కట్టుకుంటూ పోయారు. ఏ మెట్టుమీదా ఎవరూ ఎక్కువ కాలం ఒంటరిగా నిలబడలేకపోయారు.

రాజ్యం ఈ జారుడును చట్టంతో ఆపాలని చూసింది. రెండో ఫిలిప్ 1586లో కాస్తీల్‌లో, 1597లో పోర్చుగల్‌లో సంబోధనల మీద శాసనాలు చేశాడు. ఎవరికి ‘ఔన్నత్యం’ చెల్లుతుంది, ఎవరికి ‘శ్రేష్ఠత’, ఎవరికి ‘దొరతనం’, నోటితో ఏమనాలి, ఉత్తరం తలకట్టున ఏమి రాయాలి అన్నవి అందులో తరగతుల వారీగా చెప్పాడు. ప్రపంచాన్ని సగం ఏలుతున్న రాజు కూర్చుని పలకరింపుల పట్టీ తయారు చేయించాడంటే అది ఎంత పెద్ద సమస్యగా తోచి ఉండాలో ఊహించవచ్చు. సమస్య తీరలేదు. 1739 జనవరి 29న ఐదో జువాన్ రాజు మళ్లీ అదే విషయం మీద శాసనం జారీ చేయవలసి వచ్చింది. మొదటిది పనిచేసి ఉంటే రెండోది అక్కరలేదు. ఎందుకు పనిచేయలేదో ఆలోచిస్తే కారణం తేలిగ్గానే దొరుకుతుంది. భూమి పట్టా ఇవ్వాలన్నా పన్ను తగ్గించాలన్నా అధికారి సంతకం కావాలి. కానీ ఒక వర్తకుడికి అతని పనివాడు ఏ బిరుదు కలిపి దండం పెడతాడో చూడ్డానికి ఏ అధికారీ వాకిట్లో కాపలా ఉండడు. పైగా ఒక మెట్టు ఎక్కించి పిలిచినందువల్ల పిలిచినవాడికి పోయేదేమీ లేదు, పిలిపించుకున్నవాడు సంతోషిస్తాడు. ఇద్దరికీ లాభమున్న తప్పును ఏ శాసనమూ ఆపలేదు.

మెట్టు దిగిన మాట ఊరికే ఉండదు, అరుగుతుంది. ‘వో-సా-మెర్-సే’ నాలుగు అక్షరాల మాట. సంతలో, వంటింట్లో, ఓడరేవులో రోజుకు వందసార్లు పలికే నోళ్లు దాన్ని ‘వోస్మెసే’ చేశాయి, మూడు. 17వ శతాబ్దానికి ‘వొసే’ అన్న రూపం రాతలోకీ వచ్చింది, రెండు. నేటి బ్రెజిల్ మాటల్లో తరచు ‘సే’ మాత్రమే వినపడుతుంది, ఒకటి. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో ‘ఒసే’ అంటారు. పోర్చుగల్ పల్లెల్లో పెద్దల నోట ‘వోసెమెసే’ ఇంకా మిగిలి ఉంది. నాలుగు అక్షరాల బిరుదు ఒక్క అక్షరానికి కుంచించుకుపోయిన ఈ దారిని దగ్గరగా చూస్తే, ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు తొందరలో ఉన్నారని అర్థమవుతుంది. ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఇది కేవలం ఉచ్చారణ అరుగుదల, ఏ భాషలోనైనా పొడుగు మాటలు కురచవుతాయి, దీనికి హోదాల కథ ఎందుకు అని. అలా అయితే అదే ‘వోసా’తో మొదలయ్యే మిగతా బిరుదులన్నీ అరగాలి. ‘వోసా మజెస్తాదె’ అరగలేదు; రాజుతో మాట్లాడేది కొద్దిమంది, అదీ జాగ్రత్తగా. పోర్చుగల్‌లో అధికారులకు, సంపన్నులకు విరివిగా వాడిన ‘వోసా ఎసెలెన్సియా’ మాత్రం ‘వోసెన్సియా’గా కుదించుకుపోయింది. స్పెయిన్‌లో ఇదే అర్థమున్న ‘వుయెస్త్రా మెర్సెద్’ జనం నోట పడి ‘ఉస్తెద్’ అయింది. అంటే మాట అరగాలంటే ముందు అది మెట్లు దిగి గుంపులో కలవాలి. శబ్దం మార్పు వెనకాల నడిచింది సమాజమే.

అరిగిన మాటలో ఒక్కటి మాత్రం అరగలేదు, దాని వ్యాకరణం. ‘మీ దయ ఏమంటుంది’ అన్నప్పుడు క్రియ దయకు చెందుతుంది, ప్రథమ పురుషలో ఉంటుంది. దయ అన్న అర్థం మాసిపోయి మాట ఉత్త ‘నువ్వు’గా మారినా క్రియ మాత్రం నేటికీ ప్రథమ పురుషలోనే ఉంది. నేర్చుకునేవారిని తికమక పెట్టేది ఇదే: ఎదుటివాడితో మాట్లాడుతూ, అక్కడ లేనివాడి గురించి చెప్పే క్రియను వాడటం. తెలుగు తెలిసినవారికి ఇది అంత వింత కాకూడదు. ‘వస్తారా?’ అని అడిగితే అది ‘మీరు వస్తారా’ కావచ్చు, ‘వారు వస్తారా’ కావచ్చు. మన ‘-రు’ ప్రత్యయం రెండిటికీ ఒకటే. ‘అయ్యగారు భోంచేశారా?’ అని ఆయన్నే అడగడమూ మనకు తెలుసు. అయితే మనకు గౌరవం చోట మాత్రమే ఉన్న ఈ కలయిక బ్రెజిల్‌లో మామూలు మాటలన్నిటినీ ఆక్రమించింది. పాత పోర్చుగీసులో ‘మాట్లాడు’ అనే క్రియకు ఆరు పురుషల్లో ఆరు రూపాలు: ఫాలు, ఫాలస్, ఫాలా, ఫాలాముస్, ఫాలైస్, ఫాలాఁవ్. ‘తు’ పోయి ‘వొసే’ వచ్చినచోట రెండోది పోయింది. ‘వోస్’ పోయి ‘వొసే’ బహువచనం ‘వొసేస్’ వచ్చినచోట ఐదోది పోయింది. ‘మేము’ చోట ‘అ జెంతి’ (దీని కథ తర్వాత చూద్దాం) రావడంతో నాలుగోదీ పలచబడింది. మిగిలినవి మూడు.

ప్రత్యయాలు పోతే వాటి బరువు ఎక్కడో ఒకచోట పడాలి. తెలుగులో ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కర్లేదు. క్రియ చివరే మనిషిని చెబుతుంది. పోర్చుగీసూ అలాంటి భాషే. కానీ మూడు రూపాలతో ఆరుగురిని చెప్పాలంటే సర్వనామాన్ని పైకి పలకక తప్పదు. మరియా ఎవుజెనియా దువార్తే అనే బ్రెజిల్ భాషాశాస్త్రవేత్త రియోలో ఆడిన జనరంజక నాటకాలను తరం వెంట తరం పరిశీలించి ఈ మార్పును లెక్క కట్టారు. 1845 నాటి నాటకాల్లో కర్త సర్వనామం పలకకుండా నడిచిన వాక్యాలు సుమారు 80 శాతం. 1992 నాటికి అవి 26 శాతానికి పడిపోయాయి. మధ్యయుగంలో ఒక రాజును నేరుగా పిలవకూడదన్న జంకు, నాలుగైదు వందల ఏళ్ల తర్వాత మరో ఖండంలో మామూలు మనిషి వాక్యం కట్టే తీరునే మార్చేసింది. సర్వనామం చిన్న మాటే గానీ, అది కదిలితే వాక్యమంతా సర్దుకోవలసిందే.

బ్రెజిల్‌లో ఈ సర్దుబాటు అంత లోతుగా జరగడానికి మరో కారణం కూడా చెబుతారు, అది నొప్పి కలిగించే కారణం. మూడు వందల ఏళ్లకు పైగా సాగిన బానిస వ్యాపారంలో సుమారు 48 లక్షల మంది ఆఫ్రికన్లను బ్రెజిల్ రేవుల్లో దింపారు. 1757లో పోర్చుగల్ మంత్రి పోంబల్ పాలన జారీ చేసిన నియమావళి ఆదివాసుల గ్రామాల్లో వాళ్ల భాషలను, వాడుకలో ఉన్న ఉమ్మడి భాషను అణచి పోర్చుగీసును రుద్దింది. అంటే ఆ దేశంలో పోర్చుగీసు మాట్లాడినవాళ్లలో చాలామంది పెద్దయ్యాక, బడి లేకుండా, భయం నీడన దాన్ని నేర్చుకున్నవాళ్లు. దాన్తె లుకేజీ వంటి పరిశోధకులు ఆఫ్రికన్ సంతతి పల్లెల మాటను పరిశీలించి, క్రియారూపాల క్షీణతకు మూలం ఈ నిర్బంధ అభ్యాసమేనని అంటారు. ఆంథొనీ నారో, మార్తా షెరె దానికి ఎదురు చెప్పారు: ఆ మార్పుల విత్తనాలు పోర్చుగల్ పల్లెల మాటల్లోనే ఉన్నాయని, ఓడలెక్కకముందే భాష ఆ దారి పట్టిందని వారి వాదం. ఈ రెండిటిలో ఒకదాన్ని పారెయ్యనక్కర్లేదు. వాలు పోర్చుగల్‌లోనే ఉంది. ఆ వాలు మీద బండిని తోసిన చేతులు బ్రెజిల్‌వి. ఆ చేతుల గుర్తు సంబోధనల్లో ఇంకా ఉంది. బానిస నోట ‘సెన్యోర్’ అన్న మాట ‘సిన్యో’ అయింది, యజమానురాలు ‘సిన్యా’ అయింది. 1888 మే 13న బానిసత్వం రద్దయ్యాక ఆ రెండు మాటలూ పాత రోజుల గుర్తులుగా మిగిలాయి. అదే ‘సెన్యోర్’ నుంచి కురచబడిన ‘సెవు’ మాత్రం పేరు ముందు చేరే ఆప్యాయపు మర్యాదగా బతికింది. వీధి చివర కొట్టు నడిపే పెద్దాయన ‘సెవు జువాన్’. మన ‘జువాన్ గారు’కు అది చాలా దగ్గర.

పోర్చుగల్‌లో ‘వొసే’ ఇలా మైదానమంతా పరుచుకోలేదు. అక్కడ ‘తు’ బలంగా నిలిచింది కాబట్టి, పైన ‘ఉ సెన్యోర్’, అంటే ‘అయ్యగారు’, కూడా గట్టిగా ఉంది కాబట్టి, మధ్యలో ఇరుక్కున్న ‘వొసే’ ఎటూ కాని మాట అయింది. కొన్ని ప్రాంతాల్లో, కొన్ని వర్గాల్లో సమానుల మధ్య మామూలే. మరికొన్ని చోట్ల పైవాడు కిందివాడితో అనే మాట. ఆ ఇరుకు తప్పించుకోవడానికి అక్కడివాళ్లు అందమైన ఉపాయం పట్టారు. మరియాతో మాట్లాడుతూ, ‘మరియా కాఫీ తాగుతుందా?’ అని మరియానే అడుగుతారు. డాక్టరుతో ‘డాక్టరుగారు ఏమనుకుంటున్నారు?’ అంటారు. ‘తు’ అనడానికి చనువు లేదు, ‘వొసే’ అనడానికి జంకు. పేరో వృత్తో పట్టుకుని ప్రథమ పురుషలో దాటేస్తారు. లూయీస్ లిందిలీ సింత్రా 1972లో పోర్చుగీసు సంబోధనల మీద వెలువరించిన పుస్తకం ఈ వ్యవస్థను మొదటి నుంచీ తరచి చూసింది. సాన్నిహిత్యానికి ఒకటి, సమానులకో కిందివారికో ఒకటి, మన్ననకు ఒకటి అని ఆయన మూడంతస్తులు చూపించారు. రెండేళ్లకే, 1974 ఏప్రిల్ 25న, సైనిక తిరుగుబాటుతో నియంతృత్వం కూలింది. ఆ తర్వాతి తరాల్లో ‘తు’ వేగంగా వ్యాపించింది. అయినా మూడంతస్తులూ కూలలేదు, మెట్లు మాత్రం కాస్త దగ్గరయ్యాయి.

ఇక్కడికి వచ్చేసరికి శుద్ధభాషావాదుల అభ్యంతరం వినిపిస్తుంది. బ్రెజిల్‌వాళ్లు ‘వొసే’ను కర్తగా పెట్టి, అదే వాక్యంలో కర్మ దగ్గరకు వచ్చేసరికి ‘తు’ కుటుంబానికి చెందిన ‘తె’ వాడతారు. ప్రథమ పురుష క్రియకు మధ్యమ పురుష కర్మ! ఇది వ్యాకరణం తెలియని కల్తీ అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం మందలించాయి. కానీ పోర్చుగల్ చదువుకున్నవాళ్ల మాటనే గమనించండి. వాళ్లు పలువురిని ‘వొసేస్’ అంటారు, క్రియ ప్రథమ పురుషలో పెడతారు, ‘మీ ఇల్లు’ అనవలసి వచ్చినప్పుడు మాత్రం చచ్చిపోయిందనుకున్న ‘వోస్’ కుటుంబం నుంచి ‘వోసు’, ‘వోసా’ తెచ్చుకుంటారు. ఇదీ అదే కలయిక. ఒడ్డు మాత్రం వేరు. దీన్ని శిష్టమని, దాన్ని భ్రష్టమని అనడానికి భాషలో ఆధారం లేదు. నిజానికి రెండు చోట్లా కలయికకు కారణం ఒక్కటే. ‘సెవు’ (పేరు ముందు చేరే ‘సెవు’ కాదు) అన్న ప్రథమ పురుష షష్ఠి రూపం ‘నీ’కీ ‘అతని’కీ ఒకటే కాబట్టి, ‘సెవు’ పుస్తకం ఎవరి పుస్తకమో తెలియదు. అస్పష్టత వచ్చినచోట మాట్లాడేవాళ్లు పాత సామాను గదిలోంచి పనికొచ్చేది తీసుకున్నారు. బ్రెజిల్ ‘తె’ను తీసుకుంది, పోర్చుగల్ ‘వోసు’ను తీసుకుంది. అది అజ్ఞానం కాదు, ఇల్లు చక్కదిద్దుకోవడం.

సర్వనామం ఏది అన్నదానితో పోరు ఆగలేదు, ఎక్కడ అన్నదాకా వెళ్లింది. ‘నాకు’, ‘నిన్ను’ వంటి చిన్న కర్మ సర్వనామాలను పోర్చుగల్‌లో సాధారణంగా క్రియ వెనక తగిలిస్తారు, బ్రెజిల్‌లో క్రియ ముందు పెడతారు. ఈ ముందు వెనకల మీద 19వ శతాబ్దం నడుమ నుంచి అర్ధశతాబ్దానికి పైగా కలం యుద్ధం నడిచింది. నవలాకారుడు జొజే ది అలెంకార్ భాషను పోర్చుగల్ విమర్శకుడు పిన్యేరో షాగస్ 1867లో తప్పుపడితే, అలెంకార్ తన ‘ఇరాసెమ’ నవల రెండో ముద్రణ చివర 1870లో జవాబిచ్చాడు. 1902లో బ్రెజిల్ పౌరస్మృతి ముసాయిదా సెనేటుకు వచ్చినప్పుడు సెనేటరు రూయీ బార్బోజా న్యాయం కంటే ముందు భాష పట్టుకున్నాడు. ఆ ముసాయిదా భాషను సరిచూసిన పండితుడు ఎర్నెస్తో కార్నేరో రిబేరో ఒకప్పుడు ఆయనకు చదువు చెప్పిన గురువు. గురుశిష్యులు సంపుటాలకు సంపుటాలు రాసుకున్నారు. పౌరస్మృతి 1916 దాకా చట్టం కాలేదు. ఈ వేడిలో చల్లగా ఆలోచించినవాడు వ్యాకరణవేత్త మాన్యుయేల్ సయీద్ అలీ. 1908లో వచ్చిన తన పుస్తకంలో ఆయన దీన్ని ఉచ్చారణ భేదంగా వివరించాడు: పోర్చుగల్‌లో ఆ చిన్న మాటలు నలిగి ముందు మాటకు అతుక్కుంటాయి, బ్రెజిల్‌లో అవి తమ అచ్చును తాము నిండుగా పలుకుతాయి, కాబట్టి ముందు నిలబడగలవు. చరిత్ర కూడా శుద్ధవాదులకు పూర్తిగా తోడు రాదు. కర్త తర్వాత, క్రియకు ముందు సర్వనామం పెట్టడం 16వ శతాబ్దపు పోర్చుగీసులో సర్వసాధారణం. వెనకకు నెట్టడం పోర్చుగల్‌లో 18, 19 శతాబ్దాల్లో బలపడింది. వాక్యాన్నే సర్వనామంతో మొదలుపెట్టడం బ్రెజిల్ తెచ్చిన కొత్తదనమన్నది నిజం. మిగిలిన వాటిలో దారి మార్చింది ప్రధానంగా పోర్చుగలే.

ఆ పోరు మనుషులకు ఎంత పట్టిందో బ్రెజిల్ రచయిత మోంతేరో లొబాటో 1920ల్లో రాసిన ఒక కథ చెబుతుంది. దాని పేరుకు అర్థం ‘సర్వనామాలు అమర్చేవాడు’. పల్లెటూరి గుమాస్తా ఒకడు కర్నలుగారి చిన్నకూతురిని ప్రేమించి చీటీ రాస్తాడు. ప్రేమిస్తున్నాను అన్న క్రియకు రావలసిన రూపం చోట ప్రథమ పురుష రూపం ‘ల్యె’ పెడతాడు. కర్నలు ఆ చీటీ పట్టుకుని, చిన్నదానికి రాస్తూ మరొకరిని ప్రేమిస్తున్నానన్నావు కాబట్టి ఆ మరొకరు నా పెద్దకూతురేనని వ్యాకరణంతో నిగ్గుతేల్చి, ఆమెను కట్టబెడతాడు. ఆ పెళ్లికి పుట్టిన కొడుకు జీవితమంతా ఊరివాళ్ల సర్వనామాలు దిద్దుతూ బతికి, చివరకు తన సొంత పుస్తకం అంకితంలోనే అచ్చువాళ్లు సర్వనామం స్థానం మార్చారని చూసి ప్రాణం వదులుతాడు. కథ వ్యంగ్యమే గానీ దాని కింద ఉన్న బాధ నిజం. నిత్యం మాట్లాడే మాట తప్పని, ఎవరూ మాట్లాడని మాట ఒప్పని చెప్పే బడిలో పిల్లలు ఏమవుతారన్న ప్రశ్న అది. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగు గ్రాంథికం మీద ఇదే ప్రశ్న వేశారు. రెండు ఉద్యమాలకూ పరిచయం లేదు. జబ్బు ఒకటే కాబట్టి మందూ ఒకటే అయింది: నోటి మాటను గౌరవించడం.

నోటి మాట ఎంత దూరం వెళ్లగలదో ‘అ జెంతి’ చూపిస్తుంది. లాటిన్ ‘జెంతెం’ నుంచి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం జనం. ‘జనం ఏం చేస్తారు’ అనే సామాన్య వాక్యంలో మాట్లాడేవాడూ జనంలో ఒకడే కదా. ఆ మెలకువ మెల్లగా గట్టిపడి, 19వ శతాబ్దానికి ‘జనం’ కాస్తా ‘మనం’ అయి కూర్చుంది. నేటి బ్రెజిల్ సంభాషణల్లో ‘మేము’ అనే పాత ‘నోస్’ కంటే ఇదే ఎక్కువ. క్రియ మళ్లీ ప్రథమ పురుష ఏకవచనమే, ఎందుకంటే జనం అన్న నామం ఏకవచనం. ఫ్రెంచిలో మనిషి అన్న మాట నుంచి ‘ఓఁ’ ఇలాగే పుట్టింది. ఇక్కడ ఏ రాజూ లేడు, ఏ దర్బారూ లేదు. కాబట్టి నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యమని ఎవరైనా అనవచ్చు. నిజమే, సర్వనామాలన్నీ వంగి దండం పెట్టడం వల్ల పుట్టవు. కానీ రెండు కథల్లోనూ ఒకటే బలం పనిచేసింది. ‘నేను’ అని ముందుకు రాకుండా, ‘నువ్వు’ అని వేలు చూపకుండా మాట్లాడాలన్న జాగ్రత్త అది. పైవాడి ముందు ఆ జాగ్రత్త బిరుదును పుట్టించింది, తోటివాళ్ల మధ్య ‘జనం’ వెనక దాక్కుంది.

ఇంకో అభ్యంతరం బరువైంది. రాజు బిరుదు వీధిలోకి వచ్చి అందరి మాట అయిందంటే అది సమానత్వపు విజయమే కదా, బ్రెజిల్ ఇంగ్లీషులాగా ఒకే ‘నువ్వు’కు చేరింది కదా అని. వినడానికి బాగుంది, కానీ సాక్ష్యం ఒప్పుకోదు. ‘వొసే’ అందరిదీ అయిన క్షణాన దానికి పైన ‘ఉ సెన్యోర్’, ‘అ సెన్యోర’ నిలబడ్డాయి. ఇంటి పనిమనిషి యజమానురాలిని ఎలా పిలుస్తుంది, ఆమె పనిమనిషిని ఎలా పిలుస్తుంది అన్నది విన్న చెవికి అంతస్తు ఇంకా తెలుస్తూనే ఉంటుంది. 2019 ఏప్రిల్ 11న బ్రెజిల్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులందరికీ, హోదాతో పని లేకుండా, ‘సెన్యోర్’ ఒక్కటే సంబోధన, ‘మీ శ్రేష్ఠత’, ‘డాక్టర్’ వంటివి వాడరాదు. 1597 శాసనం కంచెలు కట్టడానికి వచ్చింది, ఇది కంచెలు పీకడానికి వచ్చింది. నాలుగు శతాబ్దాల తర్వాత కూడా ప్రభుత్వం పలకరింపుల మీద చట్టం చేయవలసి వచ్చిందంటే, మెట్లు పోలేదనే అర్థం. మాటలు కిందికి జారుతాయి గానీ మెట్లు వాటంతటవే కరగవు. వాటిని కరిగించేది కూలీ, చదువు, హక్కు; సర్వనామం ఆ లెక్కను రాసి పెడుతుంది, అంతే.

అయితే నేర్చుకునేవారికి ఈ చరిత్రతో పనేమిటి, రెండు నియమాలు చెబితే చాలదా అని అడగవచ్చు. రెండు నియమాలు బండి ఎక్కడానికి చాలుతాయి, మనుషుల్లో కలవడానికి చాలవు. ‘వొసే’ ఒకప్పుడు ‘మీ దయ’ అని తెలిసినవాడికి ప్రథమ పురుష క్రియ ఎందుకో విడిగా బట్టీ పట్టనక్కర్లేదు. ఆ దయ ఒక దేశంలో వీధికి దిగిందని, మరో దేశంలో మధ్య మెట్టు మీద ఇరుక్కుందని తెలిస్తే లిస్బన్‌లో ఎందుకు ఆగి ఆలోచించాలో, సావో పావ్లోలో ఎందుకు అక్కర్లేదో అర్థమవుతుంది. మేస్త్రి, అలమార, అనాస, బొత్తాం అన్న మాటలు పోర్చుగీసు ఓడలు తెచ్చి మన తీరాల మీద దింపినవే. అవి మన ఇళ్లలో కలిసిపోయి సొంతమయ్యాయి. సర్వనామాలను మాత్రం ఏ ఓడా దింపలేదు. వస్తువు పేరు సంతలో దొరుకుతుంది. ఎదుటి మనిషిని ఏమని పిలవాలన్నది ఆ మనుషుల మధ్య బతికితేనో, వాళ్లు బతికిన తీరు తెలుసుకుంటేనో తప్ప దొరకదు. ‘తమరు’, ‘మీరు’, ‘నువ్వు’ల మధ్య ఏ గడపలో ఏది అనాలో చిన్నప్పుడే నేర్చుకున్న మనకు ఆ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పోర్చుగీసు పట్టిక ముందు కూర్చున్నప్పుడు ఆ ఎరుకను పక్కన పెట్టకుండా ఉంటే చాలు.